గొంతు నాది... మొహం ఇంకొకరిది

"ఇందులో నువ్వు యాడుండావే?"

మా అవ్వ అడిగిన ప్రశ్న ఇది. ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుని ఒకసారి, చేయి చాపి దూరంగా పెట్టుకుని ఒకసారి చూసింది. పాట మాదే. అవ్వ దగ్గర నేను నేర్చుకున్న నాట్ల పాట. పాడింది కూడా నేనే. తెర మీద మాత్రం ఎవరో అమ్మాయి లంగా ఓణీ వేసుకుని, వరిచేను గట్టు మీద గంతులేస్తా ఉంది.

"నేను కనపడను అవ్వా. గొంతు మాత్రమే నాది."

"మరి ఆ పిల్ల నోరెందుకు కదిలిస్తాంది?"

నా దగ్గర సమాధానం లేదు. పక్కన కూర్చున్న మా నాయన గొంతు సవరించుకున్నాడు. అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. పోయిన సంక్రాంతి పండగ నాడు మా ఇంట్లో జరిగిన గొడవ అక్కడ మొదలైంది.

మాది పగిడ్యాల. నందికొట్కూరు పక్కన. కేసీ కాలవ నీళ్లు వచ్చిన ఏడు వరి, రానప్పుడు మొక్కజొన్న. డిగ్రీ అయ్యాక నేను నంద్యాలలో ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్‌లో చేస్తున్నా. పాడడం ఎక్కడా నేర్చుకోలేదు. అవ్వ నాట్లకి పోయేటప్పుడు నన్ను గట్టు మీద కూర్చోబెట్టేది. ఒకామె ఎత్తుకుంటే పది మంది అందుకునేవాళ్లు. నేను గట్టు మీద నుంచి అందుకునేదాన్ని. అంతే నా సంగీతం.

ఆ పాటలో ఒక కోడలు కాలవ నీళ్లతో తన కష్టం చెప్పుకుంటుంది. అవ్వకి మూడు చరణాలే గుర్తున్నాయి. నాలుగోది నేను కట్టా. మా చిన్నత్త వాళ్లది ఆదోని వైపు. ఏటా గుంటూరు దిక్కు మిరప కోతలకి సుగ్గికి పోతారు. పిల్లల్ని ముసలోళ్ల దగ్గర వదిలిపెట్టి పోతారు. ఒకసారి చిన్నత్త కూతురు మా ఇంట్లో రెండు నెలలు ఉండింది. రోజూ సాయంత్రం బస్టాండ్ దిక్కు చూస్తా కూర్చునేది. ఆ పిల్ల మాటలే నాలుగో చరణం. మిరపకాయ కోసిన చేత్తో కళ్లు తుడుచుకోవద్దని అమ్మకి చెప్పి పంపుతుంది. అంతకంటే అందులో ఏమీ లేదు.

నేను పాడిన ఫోన్ రికార్డింగ్ ఒకటి వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఒక జానపద యూట్యూబ్ చానెల్ వాళ్లకి చేరింది. చానెల్ పేరు చెప్పను, ఏ ఊరిదో కూడా చెప్పను. స్టూడియోకి పిలిచారు. ఏసీ గది, హెడ్‌ఫోన్లు, గాజు అద్దం అవతల ఒకాయన. మూడు టేకుల్లో పాడేశా. "వాయిస్ సూపర్ మేడమ్" అన్నారు. నేను షూటింగ్ ఎప్పుడని అడిగా. ఆయన ఒక్క క్షణం ఆగాడు.

"స్క్రీన్ మీద వేరే అమ్మాయిని పెడతాం మేడమ్. మీరు ఏమీ అనుకోవద్దు. థంబ్‌నెయిల్ బాగుంటేనే జనం నొక్కుతారు."

ఏమీ అనుకోలేదన్నట్టు నవ్వేశా. మూడు వేలు ఫోన్‌పే చేశారు. బస్సులో తిరిగి వస్తున్నప్పుడు కిటికీ అద్దంలో నా మొహం నేనే చూసుకున్నా. నల్లగా ఉంటా. ముందు పళ్లు రెండు కొంచెం ఎత్తు. ఈ సంగతి నాకు కొత్తేమీ కాదు. అయితే నా పాటకి కూడా ఇది అడ్డం వస్తుందని మాత్రం ఆ రోజే తెలిసింది.

వీడియో వచ్చింది. రెండు నెలల్లో తొమ్మిది లక్షల వ్యూస్. కామెంట్లన్నీ ఆ అమ్మాయి గురించే. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఆమెకి ఇచ్చిన పని ఆమె చేసింది. నాకు మంట పుట్టించినవి రెండు. సుగ్గికి పోయిన అమ్మ కోసం పిల్ల ఏడ్చే చరణానికి ఆమె పొద్దుతిరుగుడు పువ్వు పట్టుకుని నవ్వుతా తిరుగుతుంది, ఎందుకంటే అక్కడ ఏముందో ఆమెకి ఎవరూ చెప్పలేదు. రెండోది, కింద రాసిన వివరాల్లో రచన అన్న చోట "జానపదం" అని ఉంది. సేకరణ అన్న చోట చానెల్ యజమాని పేరు. నా నాలుగో చరణం కూడా వెయ్యేళ్ల పాతదైపోయిందన్నమాట!

పండగ నాడు ఈ సంగతి అవ్వ ముందు బయటపడేసరికి ఇల్లు రెండుగా చీలింది. "మూడు వేలిచ్చినారు కదా, ఇంకేం కావల్ల" అని నాయన. "పెళ్లి కావాల్సిన పిల్ల, మొహం కనపడకపోవడమే మంచిదైంది" అని అమ్మ. నేను అన్నం తినకుండా మిద్దె మీదికి పోయి కూర్చున్నా.

అక్కడే మా చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు. అన్న ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌లో మాస్టర్స్ చేస్తున్నాడు. రాత్రుళ్లు పెట్రోల్ బంకులో డ్యూటీ. నా ఏడుపు అంతా విని, "పండగ పూట ఏందే ఇది" అని తిట్టి, తర్వాత ఒక లింకు పంపాడు. "మా బంకు రేడియోలో అప్పుడప్పుడు వస్తాది. మా ఓనరమ్మ వచ్చిన ప్రతిసారీ సౌండ్ పెంచుతాది. దీని కథ చదువు. ఆమె ఎవర్ని అడుగుతాందో చూడు" అని మెసేజ్.

పాట పేరు 'నాట్ ప్రెటీ ఎనఫ్'. నేనంత అందంగా లేనా అని అర్థం. పాడినామె కేసీ చాంబర్స్. ఆల్బమ్ పేరు 'బారికేడ్స్ అండ్ బ్రిక్‌వాల్స్', 2001లో వచ్చింది.

నిజం చెప్పాలంటే మొదటిసారి నాకు నచ్చలేదు. పాడే గొంతు సన్నగా, ముక్కుతో పలుకుతూ, చిన్నపిల్ల మారాం చేసినట్టు అనిపించింది. మన చెవులకి సుశీలమ్మ, జానకమ్మ, చిత్ర అలవాటు. గొంతు అంటే తేనె కారాలి అనుకుంటాం. ఇదేం గొంతు అనుకున్నా. ఆ రాత్రి నిద్ర పట్టక ఆమె కథ వెతికి చదివా. చదివాక మళ్లీ విన్నా. అప్పుడు ఆ గొంతులో గట్టు మీద కూర్చున్న పిల్ల వినపడింది.

కేసీ 1976లో పుట్టింది, మౌంట్ గాంబియర్ అనే ఊళ్లో. పసిబిడ్డగా ఉన్నప్పుడే అమ్మానాన్నలు ఆమెనీ, అన్న నాష్‌నీ తీసుకుని నల్లర్‌బోర్ మైదానానికి పోయారు. నల్లర్‌బోర్ అంటే లాటిన్‌లో చెట్టు లేనిదని. పేరుకి తగ్గట్టే మైళ్ల కొద్దీ సున్నపురాతి నేల, పొట్టి పొదలు. విస్తీర్ణంలో మన ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది. అక్కడ రైలు పట్టాలు 478 కిలోమీటర్లు ఒక్క వంపు కూడా లేకుండా పోతాయి. వాళ్ల నాన్న బిల్ చాంబర్స్ నక్కలని వేటాడి, తోళ్లు అమ్మేవాడు. ఆ పిల్ల చిన్నతనంలో ఎక్కువ కాలం అక్కడే, బండిలోనూ మంట పక్కనా గడిచింది. రాత్రయితే నాన్న గిటార్ తీసేవాడు. హాంక్ విలియమ్స్, కార్టర్ ఫ్యామిలీ, ఇలా అమెరికా పల్లె పాటలు. ఆ పిల్లకి సంగీతం అంటే అదొక్కటే. ఆమె ఆ పాటల్ని అందుకున్న చోటు మంట పక్కన నేల.

మాకు పీర్ల పండగ రాత్రుళ్లు గుర్తొచ్చాయి. గుండం చుట్టూ తిరుగుతా మగవాళ్లు పాడుతుంటే మేం పిల్లలం అరుగుల మీద కూర్చుని నిద్ర ఆపుకునేవాళ్లం. మొహానికి మంట వేడి, వీపుకి చలి. పాటలు ఎవరు నేర్పారంటే ఏం చెప్తాం!

పెద్దయ్యాక ఆ కుటుంబం నలుగురూ కలిసి 'డెడ్ రింగర్ బ్యాండ్' అని పెట్టుకుని ఊరూరూ తిరిగారు. మన దగ్గర బుర్రకథ చెప్పే కుటుంబాలు పిల్లాజెల్లాతో తిరిగినట్టే. 1998లో అమ్మానాన్నలు విడిపోయారు, బ్యాండ్ కూడా ఆగిపోయింది. మరుసటి ఏడు కేసీ సొంతంగా 'ద కెప్టెన్' అనే ఆల్బమ్ చేసింది. అవార్డులు వచ్చాయి. కానీ పెద్ద వాణిజ్య రేడియో స్టేషన్లు ఆమె పాటలు వేసేవి కావు. కంట్రీ పాటలంటే పల్లెటూరి వ్యవహారం, ఆ గొంతు ఒకటి విచిత్రం. ఆమెకి అప్పట్లో ముక్కుపుడక కూడా ఉండేది. మన దగ్గర ముక్కుపుడక అంటే లక్ష్మీకళ. అక్కడ కంట్రీ పాడే ఆడపిల్లకి అది కొంచెం తలతిక్క వేషం!

అప్పుడు రాసిన పాట ఇది. వినేవాళ్లు చాలామంది ప్రేమించినవాడు పట్టించుకోని అమ్మాయి పాట అనుకుంటారు. అలా అనుకున్నా తప్పేం లేదు, పాట అలాగే ఉంటుంది. కానీ ఆమె అడిగింది రేడియోని. నన్నెందుకు వెయ్యవు, నాలో ఏం తక్కువ అని. తర్వాత జరిగింది చూడండి, నాకు నవ్వు ఆగలేదు. 2002 జనవరిలో సింగిల్‌గా విడుదలైతే అది ఆస్ట్రేలియాలో నంబర్ వన్ అయింది. ఎవరి మీద ఫిర్యాదు చేసిందో ఆ రేడియోలే ఆ ఫిర్యాదుని పొద్దస్తమానం వేశాయి. ఆల్బమ్ కూడా నంబర్ వన్ దాకా పోయింది. అక్కడ 70,000 కాపీలకి ఒక ప్లాటినం లెక్క. ఈ ఆల్బమ్‌కి అలాంటివి ఏడు. అదే ఏడు ఆస్ట్రేలియాలో పెద్దవైన ఏరియా అవార్డుల్లో ఏడాది ఉత్తమ ఆల్బమ్ ఇదే. ఒక్క కంట్రీ విభాగంలో కాదు, అన్ని రకాల పాటల్లోనూ.

ఆల్బమ్ మొత్తం విన్నాక ఇంకో సంగతి తెలిసింది. ఆమె ఏడుపుగొట్టు మనిషి కానే కాదు. ఆల్బమ్ పేరున్న మొదటి పాట గోడలు బద్దలు కొట్టుకుని వస్తున్నట్టు ఉంటుంది, గిటార్లు గరుకుగా మోగుతా. అది వింటే, ఇంత మొండిది ఆ రెండో మాట ఎలా అడిగిందా అనిపిస్తుంది. అమెరికా నుంచి లూసిండా విలియమ్స్ వచ్చి ఒక పాటలో గొంతు కలిపింది. వాళ్ల దేశపు పెద్ద పాటగాడు పాల్ కెల్లీ ఇంకో పాటలో తోడు పాడాడు. ఆల్బమ్‌ని తయారుచేసింది సొంత అన్న నాష్. పాటల్లో ఎక్కువ భాగం కేసీ రాసుకున్నవే. వాటి పక్కన ఆమె పేరుంది. నేను చాలాసేపు చూసింది ఆ పేర్ల పట్టీనే.

మర్నాడు అవ్వకి వినిపించా. అవ్వ అడిగిన మొదటి మాట: "ఎవరీయమ్మ?"

"కేసీ అవ్వా."

"కేసీ కాలవా?"

కాలవ కాదు మనిషి అని చెప్పేలోగా అవ్వ కళ్లు మూసుకుని వింటా ఉంది. ఒక్క ముక్క అర్థం కాదు కదా. పాట అయిపోయాక, "ఈయమ్మకి ఎవరో పలకలేదు. అడుగుతాంది పాపం" అంది. నేను అర్ధరాత్రి దాకా చదివి తెలుసుకున్నది అవ్వకి నాలుగు నిమిషాల్లో తెలిసిపోయింది.

అప్పట్నుంచి ఇదే ఆలోచన. అప్పుడు రేడియో వాడు చేసిన పని ఇప్పుడు థంబ్‌నెయిల్ చేస్తోంది. ఎవరు పాడారని కాదు, ఎవరు కనపడతారని. మనలో కూడా దీన్ని దాటినవాళ్లు లేరా అంటే ఉన్నారు. మా సీమ పిల్లే, గుత్తి దగ్గర తండా నుంచి వచ్చిన మంగ్లీ. గొంతూ ఆమెదే, మొహమూ ఆమెదే, వేసుకునే బట్టల తీరు కూడా ఆమెదే. 2018లో తూర్పు గోదావరి వడిసలేరులో కూలి పని చేసుకునే బేబి పాడిన ఫోన్ వీడియో ఒకటి ఊళ్లన్నీ తిరిగింది. స్టూడియో లేదు, మేకప్ లేదు. జనం విన్నారు, సినిమా వాళ్లు పిలిచారు. కృష్ణకి అవతలి ఒడ్డున నాగర్‌కర్నూల్ జిల్లాలో మొగిలయ్య గారు ఉన్నారు, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆయన. 2021లో 'భీమ్లా నాయక్' పాటతో అందరికీ తెలిశారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఇంకో రెండేళ్లకి కూలి పనిలో ఉన్న ఆయన వీడియో వచ్చింది. దాన్ని కూడా మనమే ఫార్వర్డ్ చేసుకున్నాం. వైరల్ కావడం వేరు, బతుకు గడవడం వేరు.

కేసీ సంగతి కూడా అంత తేలిక కాదు. 'నీ కథే' అని అన్న అన్నాడు కానీ, కాదు. ఆమె వెనక గిటార్ పట్టుకున్న నాన్న ఉన్నాడు. రికార్డింగ్ తెలిసిన అన్న ఉన్నాడు. ఏళ్ల తరబడి ఊరూరూ తిరిగి పాడిన అనుభవం ఉంది. పెద్ద కంపెనీ ఉంది. నాకేముంది? తెర పగిలిన ఒక ఫోను, ఆదివారం సెలవు.

ఉగాదికి వారం ముందు ఆ చానెల్ ఆయన మళ్లీ ఫోన్ చేశాడు. ఇంకో పాట కావాలి, ఈసారి ఐదు వేలు. నాయన పక్కనే ఉన్నాడు. ఆ వారమే ఉల్లిగడ్డల బస్తాలు కర్నూలు మార్కెట్‌కి తీసుకుపోయి, బండి బాడుగ కూడా రాక మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఐదు వేలంటే ఏందో నాకు తెలుసు.

"రెండు మాటలు సార్" అన్నా. గొంతు వణికింది, ఒప్పుకుంటా. "పాతపాటలో నాలుగో చరణం రాసింది నేను. అక్కడ నా పేరు వెయ్యండి. కొత్తపాటకి నేను కనపడతా. డ్యాన్స్ వద్దు, కూర్చుని పాడతా. చివర్లో ఒక్క నిమిషం చాలు."

"మేడమ్, మీ మంచికే చెప్తున్నా, కామెంట్లు చదివి మీరే బాధపడతారు" అన్నాడాయన. మర్యాదగానే అన్నాడు. ఆలోచించి చెప్తానన్నాడు. ఇంతవరకూ చెప్పలేదు.

ఫోన్ పెట్టేశాక నాయన ఏమంటాడో అని చూశా. చాలాసేపు ఏమీ అనలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఆ నాలుగోది మన చిన్నత్త బిడ్డ మాటలు కదా పాపా" అన్నాడు. అంతకుముందు ఆయన ఆ పాట విన్నాడని కూడా నాకు తెలియదు. లేచి బయటికి పోయాడు. ఐదు వేల సంగతి మళ్లీ ఎత్తలేదు. అమ్మ మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ ఆదివారం నేనూ అవ్వా కాలవ గట్టుకి పోయాం. ఫోను రాయికి ఆనించి పెట్టా. అవ్వ నల్లంచు చీర కట్టుకుని, జుట్టుకి నూనె రాసుకుని, పెళ్లికి పోయేదానిలా తయారైంది. "నా పళ్లు కనపడతాయేమో" అన్నా. "నాకు పళ్లే లేవు కదే" అంది.

రెండు చరణాలు బాగానే వచ్చాయి. మూడోది అవ్వ ఎత్తుకుంది. ఎనభై దాటిన గొంతు, ఊపిరి అందక మధ్యలో తెగుతుంది. అది తెగిన చోట నేను అందుకోవాలి. చిన్నప్పుడు గట్టు మీద నుంచి అందుకున్నట్టే. నాలుగో చరణంలో పిల్ల అమ్మతో చెప్పే మాట దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి గడ్డి ట్రాక్టర్ ఒకటి వచ్చింది, హారన్ కొడతా, పెద్ద స్పీకర్లో ఏదో డీజే పాట పెట్టుకుని. మా పాట అందులో మునిగిపోయింది. నేను ఫోన్ దగ్గరికి పోయి ఆపబోయా.

"ఆపొద్దు, ఉండనీ" అంది అవ్వ. ట్రాక్టర్ మలుపు తిరిగేదాకా చూసి, కొంగుతో మొహం తుడుచుకుని, చేయి నా మోకాలి మీద వేసింది.

"పోయిందిలే. మళ్లీ ఎత్తుకో."